మా ఊరి ఫైరింజనుకు బుధవారం పరీక్ష

ఆ రోజుల్లో నాకు కమిటీ అంటే ఏమిటో తెలియదు. మా వైపు గడ్డివాముకి నిప్పంటుకుంటే ఎవరి చేతిలో ఉన్న బిందె వాళ్ళు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. ఎంతసేపట్లో వచ్చావు, ఎవరు రమ్మంటే వచ్చావు, ఈ బిందె ఎవరిది అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. అడిగితే ఆ బిందె వాడి నెత్తిన కుమ్మరించేవాళ్ళు. అలాంటిది అమెరికా వచ్చాక, మంట ఆర్పేవాళ్ళ మీద ఒక కమిటీ, ఆ కమిటీ మీద ఒక బోర్డు, ఆ బోర్డు మీద అరవడానికి నెలకోసారి ఊరంతా కూర్చునే మీటింగు ఉంటాయని తెలిసి నాకు పుట్టిన విసుగు ఇప్పటికీ తగ్గలేదు. వయసు పెరిగితే తగ్గుతుందన్నారు. పెరిగింది వయసే.

మేం వచ్చి పడింది పెన్సిల్వేనియాలో కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, పెద్ద డాక్టరు. ఎవరో స్నేహితుడు చెప్పాడని హైవే పక్కన ఒక మోటెల్ కొన్నారు. కొన్నాక దాన్ని చూసుకునే మనిషి కావాలి కదా, అప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు. మా ఆయన ముందు గదిలో కూర్చుని తాళంచెవులు ఇచ్చేవాడు, నేను గదులు ఊడ్చి దుప్పట్లు ఉతికేదాన్ని. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. చదువు సున్న. తెలుగులో నా పేరు కూడా రాయలేకపోయేదాన్ని. (మా ఊళ్ళో బడి లేక కాదు. బడి ఒక పక్కన ఉండేది, నేను గేదెలతో ఇంకో పక్కన ఉండేదాన్ని.)

మోటెల్‌కి ఎదురుగానే ఫైర్ స్టేషన్. దాని కప్పు మీద సైరన్ మోగితే మా లాండ్రీ గది కిటికీలు గజగజలాడేవి. అది సర్కారుదనుకున్నాను. కాదట. ఊరివాళ్ళు కలిసి పెట్టుకున్న కంపెనీ అట, ఎవరికీ జీతం లేదట. ఒకడు క్వారీలో లారీ తోలతాడు, ఒకడు ప్లంబరు, ఇంకొకడు బడి బస్సు డ్రైవరు. సైరన్ మోగితే చేతిలో పని వదిలేసి వచ్చి బూట్లు తొడుక్కుంటారు. గొట్టాలు కొనడానికి ఆదివారాలు కోళ్ళు కాల్చి అమ్ముకుంటారు. ఇదంతా మా ఆయనకి చెబితే నమ్మలేదు. "జీతం లేకుండా మంటలోకి పోయేదెవడే? లోపల ఏందో ఉంటది, నీకు చెప్పరు" అన్నాడు. పాపం, లోపల ఏమీ లేదని నమ్మడానికి ఆయనకి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ కంపెనీకి చీఫ్ డెబ్బై దాటిన ముసలాయన. నేను చీఫ్ తాత అనేదాన్ని. మోటెల్‌కి కొత్త వాషింగ్ మిషన్లు వచ్చిన రోజు, ట్రైలర్ తగిలించిన పికప్పుని నేను సందులోకి ఒక్క ఊపులో వెనక్కి తోలడం ఆయన చూశాడు. (మా నాన్న ట్రాక్టరు, వెనక ట్రక్కుతో సహా, నేనే తోలేదాన్ని. గేదెల తర్వాత నాకు అబ్బిన విద్య అదొక్కటే.) రోడ్డు దాటి వచ్చి, పగటిపూట మావాళ్ళందరూ ఊరు వదిలి పనులకి పోతారు, ఇంజను తోలడానికి మనిషి లేడు, నేర్చుకుంటావా అని అడిగాడు. మా ఆయన్ని అడక్కుండానే సరే అన్నాను. "మరి దుప్పట్లెవరు ఉతుకుతారే, ఆ ఇంజనా?" అని మా ఆయన వారం రోజులు సాధించాడు. నేను సరే అనడానికి నాకో కారణం ఉంది. మోటెల్‌లో తలుపు కొట్టి 'హౌస్‌కీపింగ్' అని అరవడం నా పని, అందుకని వచ్చేపోయేవాళ్ళందరూ నా పేరు అదే అనుకునేవాళ్ళు. ఫైర్ స్టేషన్‌లో నన్ను పేరు పెట్టి పిలిచారు. సగమే పలికేవాళ్ళు, అది కూడా వంకరగా. అయినా అది నా పేరు.

ఆ ఏడు ఒక మిట్టమధ్యాహ్నం ఒకాయన షెడ్డు తగలబడింది. సైరన్ మోగితే వచ్చింది చీఫ్ తాత, నేను. ఇద్దరం ఏం ఆర్పుతాం? పక్కిల్లు తడిపి వచ్చాం. షెడ్డాయన టౌన్‌షిప్ (మన పంచాయతీ లాంటిది) మీటింగుకి వెళ్ళి గోల పెట్టాడు. టౌన్‌షిప్ వాళ్ళకి అదను దొరికింది. ఊరి పన్నుల్లోంచి కంపెనీకి కొంత ఇస్తున్నాం, ఇంజను సగం మాది, కాబట్టి మీరెలా పనిచేస్తున్నారో మేం చూడాలి అన్నారు. మంట దగ్గరికి వచ్చి చూడండి అన్నాడు చీఫ్ తాత. వాళ్ళు రాలేదు, కమిటీ వేశారు. దానికి పెద్ద, ఇన్సూరెన్సు ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన. నున్నటి గుండు, మెడలో తాడుకి వేలాడే స్టాప్‌వాచీ. చర్చికి కూడా దాంతోనే వెళ్ళేవాడు (పాదిరి ప్రసంగం ఎంతసేపు సాగిందో ఆయన్నడిగితే చెప్పేవాడట). మా లెక్కలో ఆయన పేరు గడియారమాయన.

గడియారమాయన కమిటీ ఒక పరీక్ష పెట్టింది. రాబోయే రోజుల్లో ఏదో ఒక పగటిపూట, ముందు చెప్పకుండా, వాళ్ళే వచ్చి సైరన్ నొక్కుతారు. ఇంజను నలుగురు మనుషులతో అయిదు నిమిషాల్లో బయల్దేరాలి. బయల్దేరకపోతే మా కంపెనీకి ఊరి గుర్తింపు తీసేసి వంతెన అవతలి ఊరి కంపెనీకి ఇస్తారు. ఆ కంపెనీ ఇటు రావాలంటే మధ్యలో రైలు గేటు. బొగ్గు రైలు అడ్డం పడిందంటే టీ కాచుకుని తాగి కప్పు కడుక్కోవచ్చు. అంతవరకు ఇల్లు కాలకుండా ఆగాలి. చీఫ్ తాత వాళ్ళ నాన్న కూడా ఆ స్టేషన్‌కి చీఫే. ఆ తలుపులకి తన చేత్తో తాళం వేయాల్సి వస్తుందేమోనని ముసలాయన తిండి మీద ధ్యాస మానేశాడు. నాకేమో మళ్ళీ హౌస్‌కీపింగ్ అయిపోతానని బెంగ.

అప్పుడు దేవుడు బార్బరు రూపంలో వచ్చాడు. కమిటీలో ఒకాయన షాపుకి వచ్చి కూర్చుని, పరీక్ష బుధవారం పొద్దున పదింటికి అని నోరు జారాడట. ఆయన ఎవరో మాత్రం బార్బరు చెప్పలేదు. అది వృత్తిధర్మమట. పరీక్ష ఎప్పుడో చెప్పడానికి మాత్రం ఏ ధర్మమూ అడ్డం రాలేదు, సాయంత్రానికల్లా స్టేషన్ అంతటికీ తెలిసిపోయింది. మావాళ్ళందరూ బుధవారానికి సెలవులు పెట్టారు. విషయం చెప్పిన మనిషికి బేరం ఇవ్వాలి కదా అని వరసగా వెళ్ళి క్రాఫులు చేయించుకున్నారు. నేను పెద్ద గిన్నెడు పులిహోర కలిపాను, పరీక్ష పెట్టడానికి వచ్చినవాళ్ళని ఖాళీ కడుపుతో పంపడం మర్యాద కాదని.

బుధవారం పొద్దున ఎనిమిదింటి నుంచే ఎనిమిది మంది మగవాళ్ళు మెరిసే బూట్లతో, పెళ్ళిచూపులకి వచ్చినట్టు స్టేషన్‌లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పదికి ఇంకా కాస్త ఉందనగా సైరన్ మోగింది. కమిటీ వాళ్ళు ముందే వచ్చారన్నమాట, దొంగలు అనుకున్నాం. నిమిషం తిరక్కుండా ఇంజను రోడ్డెక్కించాను. అంత పద్ధతిగా మేం ఎన్నడూ బయల్దేరలేదు, ఆ తర్వాతా బయల్దేరలేదు. దారిలో అందరూ ఒకటే నవ్వులు. కొండ వెనక నల్లటి పొగ కనబడితే, టౌన్‌షిప్ వాళ్ళు పరీక్షకి బాగానే ఖర్చు పెట్టారని బస్సు డ్రైవరు మెచ్చుకున్నాడు. మేకలు పెంచుకునే ఒక ముసలామె ఇల్లది. ఆమె ఉంగరాల జుట్టు కోసం తలకి చుట్టుకున్న క్లిప్పులతోనే చేతులూపుకుంటూ ఏడుస్తూ ఎదురొచ్చింది. ఈమె భలే చేస్తోందన్నాడు ప్లంబరు. నేను కూడా, పరీక్షకి ఇంత మంట కావాలా, ఒక గడ్డిమోపు సరిపోదా అని విసుక్కున్నాను. అంతలో మేకల కొట్టం కప్పు ఒక పక్కకి ఒరిగి కూలింది. చీఫ్ తాత చాలా మెల్లగా "ఇది పరీక్ష కాదు" అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. కొట్టం సగం పోయింది. ఇల్లు నిలిచింది. మేకలన్నీ బతికాయి, వాటిలో ఒకటి నా చేతి గ్లవుజు సగం నమిలేసింది కూడా.

మసి మొహాలతో, ఇంత గర్వంతో తిరిగి వచ్చేసరికి స్టేషన్ మెట్టు మీద గడియారమాయన నిలబడి ఉన్నాడు. సరిగ్గా పదింటికి వచ్చాడట, సైరన్ నొక్కాడట, అయిదు నిమిషాలు చూశాడట. ఇంజనూ లేదు, మనుషులూ లేరు. సున్న వేశాడు. మేం మంట ఆర్పడానికి పోయామయ్యా అన్నాడు చీఫ్ తాత. గడియారమాయన వాచీ వంక చూస్తూ, "ఆ మంట మా పరీక్షలోది కాదు" అన్నాడు. మరి అది లెక్కలోకి రాదా అంటే, రాదు, బయల్దేరినప్పుడు టైము చూడటానికి కమిటీ మనిషి లేడు కదా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఊరి బిందె ఒక్కటి ఆ క్షణాన చేతిలో లేకపోయింది. ఆయన మాత్రం మావాళ్ళ తలల వంక, ఒకే మాదిరిగా కొత్తగా కత్తిరించిన ఆ క్రాఫుల వంక, ఒక్కొక్కటీ తీరిగ్గా చూశాడు. ఎనిమిది మందీ స్టేషన్ పైకప్పుని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. ఆయన ఏమీ అడగలేదు. పులిహోర పెడితే రెండుసార్లు వేయించుకుని తిని వెళ్ళాడు.

మరుసటి వారం టౌన్‌షిప్ మీటింగులో మా సంగతి తేల్చాలి. ఎవరైనా మాట్లాడొచ్చు, కానీ మూడు నిమిషాలే. కొలిచేది అదే స్టాప్‌వాచీ. చీఫ్ తాత పౌరుషం కొద్దీ నోరు విప్పనన్నాడు. మిగతావాళ్ళు క్రాఫుల సంగతి బయటపడుతుందని బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. ఇక ఉండబట్టలేక నేను లేచాను. నా ఇంగ్లీషు అప్పట్లో మోటెల్ ఇంగ్లీషు: టవళ్ళు, సబ్బులు, చెకౌట్. దానితోనే మొదలుపెట్టాను.

"మీరు పరీక్ష పెడతామనబట్టి మావాళ్ళు ఆ రోజు ఊళ్ళో ఉన్నారు. ఎప్పుడో మాకు ముందే తెలియబట్టి ఉన్నారు. లేకపోతే నేనూ తాతా ఇద్దరమే, ఆమె ఇల్లు బూడిద. గుర్తింపు తీసేస్తే ఏమొస్తుంది? ఆ బుధవారం ఉన్నట్టు రోజూ ఉండేట్టు చేయండి."

బోర్డు పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి, అదెలా చేయాలమ్మా అని అడిగాడు.

"నాకేం తెలుసు? గవర్నమెంటు మీరు" అన్నాను.

అప్పుడే వాచీ కీచుమంది. నా టైము అయిపోయిందన్నాడు గడియారమాయన.

వాళ్ళు వెంటనే ఏమీ చేయలేదు. ఆ కమిటీకి ఒక చిన్న కమిటీ వేశారు. అది నెలల తరబడి కూర్చుని, పగలంతా ఊళ్ళోనే తిరిగే టౌన్‌షిప్ రోడ్డు పనివాళ్ళు సైరన్ మోగితే పార కింద పడేసి రావచ్చని తేల్చింది. మా గుర్తింపు నిలిచింది. ఒక్క షరతు, కంపెనీ తరఫున ఒక మనిషి కమిటీలో కూర్చోవాలి. ఆ గుండాయన పక్కన కూర్చోవడానికి మావాళ్ళు ఒక్కరూ ఒప్పుకోలేదు. అందుకని నేను వంటింట్లో గిన్నెలు తోముతున్న సమయం చూసి ఓటు వేసి నన్ను ఎన్నుకున్నారు. ఏకగ్రీవం అన్నాడు చీఫ్ తాత, చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు అందిస్తూ. కమిటీలో కాగితాలు చదవాలి, నాకేమో అక్షరం రాదు. గడియారమాయన ఓ ఏడాది నాకు చదివి వినిపించి వినిపించి విసిగి, చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పడేశాడు. నాకు ఇంగ్లీషు అక్షరాలు అలా వచ్చాయి. తెలుగు అక్షరాలు ఈ మధ్యే, మనవరాలి ఆదివారం క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాను.

చీఫ్ తాత పోయాడు. గడియారమాయనా పోయాడు, పోతూ వాచీ నాకిచ్చిపోయాడు. ఇప్పుడు ఆ కమిటీకి పెద్దని నేనే. ఊళ్ళో మనవాళ్ళు పెరిగారు, ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ పనులు చేసుకునే పిల్లలు. పగలు ఇంట్లోనే ఉంటారు కదా, కంపెనీలో చేరండ్రా అని వాళ్ళ వెంటపడ్డాను. ఒకడన్నాడు, "ఆంటీ, హెచ్ వన్ వీసా మీద వాలంటీర్ చేస్తే ఇష్యూ అవుతుందేమో, అటార్నీకి మెయిల్ పెట్టాను, రిప్లై రాగానే జాయిన్ అవుతా."

"ఇల్లు కాలుతుంటే కూడా రిప్లై వచ్చేదాకా ఆగుతావారా?"

"అందుకే కదా ఆంటీ, ముందే అడుగుతున్నా."

రిప్లై వచ్చింది, చేరాడు, బాగానే చేస్తున్నాడు. వెనక నన్ను గడియారం ఆంటీ అంటారని నాకు తెలుసు.

పోయిన నెల మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పకుండా పరీక్షకి వెళ్ళి సైరన్ నొక్కాను. పిల్లలు బాణాల్లా వచ్చారు. గెలుపే. కానీ హెల్మెట్లు తీస్తే ఏముంది, అందరికీ కొత్త క్రాఫులు. ఎవర్రా చెప్పింది అంటే పైకప్పు చూశారు. ఇంటికొచ్చి ఆరా తీస్తే, చెప్పింది మా ఆయన. పాత బార్బరు కొడుకు షాపులో కూర్చుని, మా ఇంటిది గురువారం పరీక్ష పెడతదంట అని వాగాడు. ముందు తిట్టాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, ఆ వారమంతా పిల్లలు ఎవరూ ఊరు దాటలేదని తట్టింది. అప్పటినుంచి ప్రతి వారం మా ఆయనకి ఒక రోజు చెబుతున్నాను, ఒట్టు పెట్టించుకుని మరీ, ఎవరికీ చెప్పొద్దని.

మొన్న ఆ వాచీ తుడుస్తుంటే ఇంకోటి తట్టింది. అప్పట్లో కమిటీలో ఉన్నది ముగ్గురు. మిగతా ఇద్దరూ వంతెన అవతల క్రాఫు చేయించుకునేవాళ్ళు. మిగిలింది గడియారమాయన. ఆయనది నున్నటి గుండు. బార్బరు దగ్గర ఆయనకేం పని? ఇన్నేళ్ళు పక్కనే కూర్చుని, సగం ఏళ్ళు ఆయన్ని తిట్టుకుంటూ గడిపిన నా బుర్రకి ఈ ప్రశ్న ఇప్పుడు వచ్చింది. అడుగుదామంటే మనిషి లేడు. ఉన్నా, వాచీ వంక చూసి, నీ టైము అయిపోయింది అనేవాడు.

వచ్చే వారానికి మా ఆయనకి శుక్రవారం అని చెప్పాలి.