వాగుదరి స్టేజీల ఫ్రాన్సు

నార్కట్‌పల్లి నుంచి తిరుమలగిరికి పోయే పల్లెవెలుగు బస్సుల నాగరాణి కండక్టరు. నలభై రెండేండ్ల మనిషి. మెడల టికెట్ల మిషను, చెవిసందున పెన్ను, భుజం సంచిల అట్ట ఊడిపోయిన ప్రపంచ చరిత్ర పుస్తకం. ఆ పుస్తకం సంగతే చెప్పాలె మీకు.

డిగ్రీ మొదటి యేడు సింధు నాగరికత పాఠం నడుస్తుండంగ ఆమె పెండ్లి కుదిరింది. మొహెంజొదారో ఎట్ల మట్టిల కలిసిందో రేపు చెప్తనన్నడు సారు. ఆ రేపు నాగరాణికి పద్నాలుగేండ్ల దాంక రాలే. పిల్ల పుట్టింది, కండక్టరు నౌకరి దొరికింది, తెలంగాణ వచ్చింది. రాష్ట్రం వచ్చిన యేడే ఓపెన్ డిగ్రీల పేరు రాయించుకున్నది. అది అయిపోయినంక దూరవిద్యల ఎమ్మే చరిత్ర. వద్దని ఇంట్ల ఎవ్వరు అనలే, నవ్విన్రు. వద్దంటే ఎదురు మాట్లాడొచ్చు, నవ్వితే ఏం జేస్తం? మొగుడు లింగస్వామి అయితే బత్తాయి తోటకాడ తోటి రైతులకు చెప్పి మరీ నవ్వెటోడు, "మా ఇంటామె ఈజిప్టు రాజులకు టికెట్లు కొడ్తాంది" అని.

అన్ని పేపర్లు గట్టెక్కినయి. ప్రపంచ చరిత్ర ఒక్కటే ఉండిపోయింది. అది ఒక్క ఊరి కథ కాదాయె, ఒక్క కాలం కథ కాదాయె. గ్రీసోళ్లు ఒకదిక్కు, చైనోళ్లు ఒకదిక్కు, బాగ్దాదు ఖలీఫాలు ఇంకోదిక్కు. ఇంట్ల కూసుంటే కునుకు, బస్సుల కూసునేందుకే జాగ లేదు. అందుకని నాగరాణి ఒక ఉపాయం జేసింది. కండక్టరుకు స్టేజీలు నోటికొస్తయి గద, ఒక్కొక్క స్టేజీకి ఒక్కొక్క కాలాన్ని కట్టేసింది. నార్కట్‌పల్లి బస్టాండు ఈజిప్టు. నకిరేకల్ రోము. గొర్ల కాపర్లు ఎక్కే స్టేజీ మంగోలులకు. బస్సు ఆగినప్పుడల్ల ఆ కాలం మనసుల తిప్పుకునేది. తిరుమలగిరి వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం అయిపోయేది. మళ్ల తిరుగు ప్రయాణంల వెనుకనుంచి ముందుకు.

మరి ఇంత తెలివిగల్ల మనిషి ఎందుకు ఫెయిలయింది? పరీక్షకు నెలరోజుల ముందట ఆమెకు ఎక్స్‌ప్రెస్ డ్యూటీ పడ్డది. అదే రోడ్డు, అవే ఊర్లు. కాని ఎక్స్‌ప్రెస్ నాలుగు స్టేజీలల్లనే ఆగుతది. మిగిలిన స్టేజీలు కిటికీల నుంచి సర్రున ఎనుకకు పోతయి. నాగరాణి అదేం ఆలోచించలే. పరీక్ష హాలుల కూసున్నది, రోము బ్రహ్మాండంగ వచ్చింది. ఆ తరువాత కలం పెడితే ఏకంగ మొదటి ప్రపంచ యుద్ధం. నడిమిట్ల వెయ్యేండ్లకు పైగ మాయం. బాగ్దాదు లేదు, చైనా లేదు, ఫ్రాన్సు లేదు. ముప్పైమూడు మార్కులు వచ్చినయి.

"ఎక్స్‌ప్రెస్ ఎక్కి పల్లెవెలుగు చదువు చదివినవక్కా" అన్నడు డ్రైవరు పరమేష్, ఫలితం చూసి. పదేండ్ల నుంచి ఆమెతోని బండి నడుపుతున్నోడు, అనే హక్కున్నోడు. నాగరాణికి కోపం రాలే. తల కొట్టుకున్నది, నిజమే కాబట్టి.

ఇంకొక్క అవకాశమే ఉన్నది. చేరిన కాన్నుంచి ఇన్నేండ్లల్లనే ముగించాలెనని యూనివర్సిటీ లెక్క. ఈసారి తప్పితే పాసైన పేపర్లు గూడ నీళ్లల్ల పోసినట్టే. మొహెంజొదారో కాడ ఒకసారి దిగిపోయిన మనిషి, మళ్ల నడిమిట్ల దిగుడు ఆమెకు ఇష్టం లేదు. డిపో మేనేజరు దగ్గరికి పోయి పల్లెవెలుగే కావాలెనన్నది. అందరు ఎక్స్‌ప్రెస్ ఇయ్యమని మొక్కుతుంటే ఈమె ఉల్టా అడుగుతుందేందని ఆయన రెండుసార్లు ఎగాదిగ చూసిండు. అడ్డం చెప్పలే, ఇచ్చిండు.

ఇచ్చిండు గని, అప్పటికే ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది. జీరో టికెట్లు కొట్టుడుకే చేతులు సాలవు, ఇగ పుస్తకం తెరిచేదెక్కడ? తెరిస్తే ఎవరి మోచెయ్యో తగిలి కిందపడుడే. ఒకనాడు పుస్తకం లోపల పెట్టి, టికెట్లు కొట్టుకుంట పైకే అనుడు మొదలుపెట్టింది. "వెయ్యిన్ని రెండువందల అరవై, కుబ్లయ్ ఖాన్ గద్దెనెక్కిండు. జర జరుగమ్మా." పక్కనున్నామె అడిగింది, ఎవరాయన, మన దిక్కోడేనా అని. గట్ల షురువయింది. నెలకే బస్సుల సగంమంది ఆడోళ్లకు చెంగీజ్ ఖాన్ మనుమండ్ల కొట్లాట ఎరుకయింది.

వాగుదరి స్టేజీల ఫ్రాన్సు విప్లవం. అక్కడనే ఎందుకంటే, అక్కడ గుర్వమ్మ ఎక్కుతది. గుర్వమ్మ అరవై దాటిన మనిషి, సీతాఫలాల గంపతోని ఎక్కుతది, ఎక్కుడు ఎక్కుడే సీటు కోసం లొల్లి. మునుపు వాగుదరికి తాగేనీళ్లు సక్కగ రానప్పుడు ఖాళీ బిందెలు పట్టుకొని ఊరి ఆడోళ్లందరిని తీసుకొచ్చి రోడ్డు మీద కూసోబెట్టిన మనిషి. ఆనాడు రెండు గంటలు ఆగిపోయిన బస్సు నాగరాణిదే.

"పదిహేడువందల ఎనభై తొమ్మిది, పెద్దమ్మా. పారిస్‌ల రొట్టె పిరమైంది. అంగట్ల ఉండే ఆడోళ్లు వేలమంది కలిసి రాజు దగ్గరికి నడిచిపోయిన్రు, వర్సాయికి. ఇరవై కిలోమీటర్లు. ఇగో, నార్కట్‌పల్లి నుంచి నల్గొండ అంత దూరం."

"బస్సులు లేవా?"

"ఏడియి? వానల తడుసుకుంట నడిచిన్రు."

"రాజు ఇంట్లనే ఉన్నడా?"

"ఉన్నడు. ఆయన్ను, రాణిని, పిల్లలను పారిస్‌కు తోలుకొచ్చిన్రు."

గుర్వమ్మ గంప మీద చెయ్యేసింది. "మంచిపని జేసిన్రు. మా కాడికి తహశీల్దారొక్కడే వచ్చిండు, ఆయన గూడ సాయంత్రానికి" అన్నది. ఆ దినంనుంచి వాగుదరిల ఎక్కంగనే అడిగేది, "నా ఆడోళ్లు యాడిదాంక పోయిన్రు?" అని. నాగరాణి రోజు ఇంత చెప్పేది.

పరీక్ష నల్గొండల, ఆదివారం పొద్దున. ప్రశ్నపత్రం చూడంగనే నాగరాణి పాణం లేచొచ్చింది. ఇరవై మార్కుల ప్రశ్న ఫ్రాన్సు విప్లవమే. కండ్లు మూసుకుంటే బస్సు వాగుదరిల ఆగింది. ఇగ కలం ఆగలే. మూడు గంటలు ఒక్క స్టేజీ వదలకుండ రాసింది. బయటికొచ్చి, చాయ తాగి, ఇంటికి పోయే బస్సెక్కినంక, ఏం రాసిన్నో ఒకసారి మనసుల తిరగేసుకున్నది. అప్పుడు యాదికొచ్చింది, ఫ్రాన్సు జవాబుల ఒక వాక్యం.

"ఖాళీ బిందెలు పట్టుకొని వేలమంది స్త్రీలు వర్సాయికి నడిచినారు. గుర్వమ్మ ముందు నడిచింది."

రాసింది. ఖాయంగ రాసింది. పుస్తకం భాషల, మంచి అక్షరాలతోని రాసింది.

నలభై దినాలు ఆమెకు అన్నం సయించలే. దిద్దే సారు నవ్వుతడా, పిచ్చిదనుకుంటడా, మొత్తం జవాబునే కొట్టేస్తడా? బిడ్డ అక్షిత "ఒక్క మాటకు ఏంగాదమ్మా" అన్నది. "ఒక్క మాటనా? మనిషినే తీస్కపోయి ఫ్రాన్సుల పెట్టిన" అన్నది నాగరాణి. లింగస్వామి ఈసారి నవ్వలే. ఆమె మొకం చూసి చాయ పెట్టిచ్చిండు.

ఫలితం బస్సులనే వచ్చింది, ఫోనుల, నకిరేకల్ దాటినంక. అరవై ఒకటి. నాగరాణి ఇంకోసారి చూసింది. అరవై ఒకటే. ముందటికి పోయి పరమేష్‌కు చూపెడితే ఆయన హారన్ పొడుగ్గ కొట్టిండు, రోడ్డు మీద మనిషి లేడు, మేక లేదు.

వాగుదరిల గుర్వమ్మ ఎక్కింది. "ఏంది బిడ్డా, మొకం గట్ల వెలుగుతాంది?"

"ఎమ్మే పాసైన పెద్దమ్మా." ఇగ దాచబుద్ధి గాలే. రాసిన తప్పు మొత్తం చెప్పింది, బిందెలతోని సహా.

గుర్వమ్మ గంపను గట్టిగ దగ్గరికి గుంజుకున్నది. కోపమొచ్చిందేమోనని నాగరాణి భయపడ్డది.

"రేషన్ కార్డుల తప్ప నా పేరు యాడ రాయలే ఇంతదాంక" అన్నది గుర్వమ్మ మెల్లగ. "మీ యూనివర్సిటోళ్లు అది చదివిన్రు గద?"

"చదివిన్రు."

"చదివి గూడ నిన్ను పాస్ జేసిన్రు గద?"

"జేసిన్రు పెద్దమ్మా."

"ఇగ అయితే నేను ఆడికి పోయినట్టే."

తర్వాతి స్టేజీల ఒక కొత్తకోడలు ఎక్కింది, నిలబడ్డది. గుర్వమ్మ ఎన్నడు లేంది గంప ఒడిల పెట్టుకొని జరిగి జాగ ఇచ్చింది. "కూసో బిడ్డా. నేను ఫ్రాన్సు రాజు ఇంటికి పోయిన ముచ్చట చెప్త."

ఆ పిల్ల బిత్తరపోయి కండక్టరు దిక్కు చూసింది. నాగరాణి జీరో టికెట్ చింపి ఆమె చేతుల పెట్టింది. నవ్వుకు కండ్లల్ల నీళ్లొచ్చినయి.

"నిజమే చెల్లె" అన్నది. "పుస్తకంల ఉన్నది."

"వానల నడిచినం" అన్నది గుర్వమ్మ. "ఇరవై కిలోమీటర్లు."