ఎనిమిది లారీలు, ఒక్క మెతుకు

2023 ఎండాకాలం. దోహాకి ఉత్తరాన ఉమ్ సలాల్‌లో మా కంపెనీ గోదాము కడుతోంది. అక్కడి ల్యాబ్‌లో కాంక్రీటు నాణ్యత చూసే ఇంజనీర్ని నేను. మాది భీమవరం. నా దగ్గర పనిచేసే లింగయ్యది జగిత్యాల జిల్లా. ఏడేళ్ళు ఎండలో సెంట్రింగ్ పని చేసి, అంతకు కొద్ది నెలల ముందే ల్యాబ్‌కి మారాడు.

స్లాబు వేసిన రోజు ఎనిమిది లారీల కాంక్రీటు వచ్చింది. ప్రతి లారీ నుంచీ కొంత తీసి అచ్చుల్లో క్యూబులు పోయాలి. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో ఉంచి, మిషన్లో పెట్టి నలగ్గొడితే బలం తెలుస్తుంది. కనీసం 40 రావాలి. లింగయ్య ఇచ్చిన షీట్ చూసి నాకు మతిపోయింది. ఎనిమిది లారీలవీ 46కి అర యూనిట్ అటూ ఇటూ, అంతే.

కాంక్రీటు అలా ఉండదు. దాని బలం నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో నడుస్తుంది. ఎక్కువ ఫలితాలు సగటు దగ్గర, దూరం పోయేకొద్దీ తక్కువ, గీస్తే గంట ఆకారం. ఆ చెదురును కొలిచేది స్టాండర్డ్ డీవియేషన్. మాకు సగటు 46, ఈ చెదురు మూడు. అంటే నూటికి అరవై ఎనిమిది 43కీ 49కీ మధ్య, మిగతావి బయట. అర యూనిట్ లోపల ఒక్కటి పడటానికే ఎనిమిదింట ఒక వంతు అవకాశం. ఎనిమిది ఎనిమిదులు హెచ్చించాను. కోటీ అరవై ఏడు లక్షల్లో ఒకటి.

మిషన్ ముట్టకుండా కూర్చుని రాశాడనుకున్నాను. కోపమొచ్చి, అంకెలు కల్పించాడని మేనేజర్‌కి మెయిల్ పెట్టేశాను. ఆయన సెలవు నుంచి ఆదివారం వస్తాడు. వచ్చి చూస్తే లింగయ్యని ఇంటికి పంపేస్తాడు.

"నేను రాసినయి గావు మేడం, పలగ్గొడితే వచ్చినయి," అన్నాడు లింగయ్య. "ఊళ్ళె అందరికీ దుబాయ్‌ల ల్యాబ్ నౌకరని చెప్పుకున్న. గసొంటి పని ఎందుకు జేస్త?" వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ దేశమేదైనా దుబాయే.

మిషన్ మెమరీ తీశాను. అవే అంకెలు. లెక్కని నమ్మాలో, మిషన్ని నమ్మాలో తెలియక రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు పక్క స్లాబు పోస్తుంటే నేనూ వెళ్ళి నిలబడ్డాను. మొదటి లారీ రాగానే లింగయ్య ఎనిమిది జతల అచ్చులూ దానితోనే నింపి, ఒకటి నుంచి ఎనిమిది దాకా నంబర్లు వేసేశాడు.

"అదేంటి లింగయ్యా, మిగతా లారీల సంగతి?"

"ఆ స్లాబుకూ ఇట్లనే పోసిన మేడం. అన్నీ ఒక్క ప్లాంట్లకెల్లే వస్తయి గద. ఎండకు లారీ ఆపితే మాల్ గట్టిపడ్తది, ఫోర్‌మన్ యల్లా యల్లా, జల్ది జల్ది అని మీద వడ్తడు." అచ్చు తుడుస్తూ నెమ్మదిగా అన్నాడు. "అన్నం ఉడికిందా అంటె ఒక్క మెతుకు పట్టి చూస్తె సాలని మీరే చెప్పిండ్రు."

చెప్పాను. ట్రైనింగ్ మొదటి రోజు, శాంపిల్ అంటే ఏంటో తేలిగ్గా అర్థం కావాలని చెప్పాను. ఒక్కో లారీ ఒక్కో కుండ అని మాత్రం చెప్పలేదు.

నా లెక్కలోనూ అదే తప్పు. అవకాశాలను హెచ్చించాలంటే ఒక ఫలితానికి ఇంకోదానితో సంబంధం ఉండకూడదు. దాన్నే ఇండిపెండెన్స్ అంటాం. ఒకే లారీ ముద్దకి అది వర్తించదు. ఈ మొదటి పాఠం నేనే మరిచాను.

తప్పు నా పాఠానిదని రాసి, సిగ్గుపడుతూ మెయిల్ వెనక్కి తీసుకున్నాను. మేనేజర్ ఇద్దరికీ వార్నింగ్ ఇచ్చాడు. లింగయ్య ఉద్యోగం నిలిచింది. మొదటి స్లాబుని అక్కడక్కడా తొలిచి తీసిన ముక్కల్ని పరీక్షిస్తే ఫలితాలు చెదిరే వచ్చాయి. ఒకటి హద్దు మీద గట్టెక్కింది.

లింగయ్య తప్పుడు నంబర్లు వేసిన మాట నిజం. అబద్ధమాడలేదన్న మాటా నిజం. రెండూ ఎలా కుదిరాయో నాకిప్పటికీ అయోమయమే. ఆ గంట ఆకారపు గీత ఎక్కడో తేడా ఉందని మాత్రమే చెప్పింది. దొంగ అని లింగయ్య పేరు రాసింది నేను.