ఎంగిలి మౌత్ ఆర్గాన్

ఎంగిలంటే నాకు చిన్నప్పటి నుంచీ వెగటు. ఇంట్లో ఇంకొకరు తాగిన గ్లాసు కూడా ముట్టను. అలాంటివాడి పక్కన, నాంపల్లి స్టేషన్లో, అరవై దాటిన ఒకావిడ మిర్చిబజ్జీ తింటూ మౌత్ ఆర్గాన్ ఊదుతోంది. దాని రంధ్రాల నిండా శనగపిండి, అంచున ఉమ్మి. చప్పుడేమో పిల్లి తోక తొక్కినట్టుంది.

“నేర్చుకుంటున్నారా?” అన్నాను, అలాగైనా ఆపుతుందేమోనని.

“నేర్చుకునుడేంది? నిన్ననే అబిడ్స్‌ల కొన్న. ఊదుతున్న, గంతే.”

“మరి దేనికండీ?”

“దేనికంటే ఏం జెప్పాలె? మంచిగనిపిస్తది. పోయిన నెల బొమ్మలేసిన. కుక్కను గీస్తె మేక లెక్కొచ్చింది. మస్తు నవ్వుకున్న.”

ఆ నవ్వుతోనే మౌత్ ఆర్గాన్‌ను కొంగుతో తుడిచి నా మూతి దగ్గర పెట్టింది. “జర నువ్వు గూడ ఊదు బిడ్డా.”

ఛీ అనుకుంటూ లేచి దూరంగా వెళ్లి నిలబడ్డాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. రైలొచ్చేదాకా ఊదుతూనే ఉంది.

ఇప్పుడు నా దగ్గరా ఒకటుంది. ఇన్నాళ్లయినా ఒక్క పాటా రాలేదు. సాయంత్రం వరండాలో కూర్చుని ఊదుతుంటే మా ఆవిడ మొహం చిట్లిస్తుంది.

“ఛీ, దేనికండీ ఆ ఊదుడు?”

దాన్ని లుంగీతో తుడిచి ఆమె మూతి దగ్గర పెడతాను.