బుసైనా పెట్టని దిష్టి

మా ఆడపడుచు నగాత్ జగ్రూత వేసిందంటే ఈజిప్టులో మా ఊరు దమియెట్టాలో మా వీధి వీధంతా చెవులు రిక్కించేది. పెళ్లిళ్లలో నాలుక ఆడిస్తూ ఆ కూత మేమందరం వేస్తాం. మాది మొదలయ్యేలోపే అయిపోతుంది. నగాత్‌ది అలా కాదు. పక్క సందులో కుర్చీలకు వార్నిష్ వేసేవాళ్లు చేతిలో పని ఆపి వినేవాళ్లు. నాకు కడుపుమంటగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

నగాత్ పెళ్లి చేసుకోలేదు. మా ఆయన వర్క్‌షాపులో సోఫాలకు గుడ్డ కుడుతూ మాతోనే ఉండిపోయింది. ఆమెకు ప్రాణం బుసైనా. చిన్నప్పటి నుంచి స్నేహితురాలు, ఎదురు మేడలో మూడో అంతస్తులో కాపురం. పొద్దున్నే ఆ కిటికీ, ఈ కిటికీ ఒకేసారి తెరుచుకునేవి. "ఒసే నగాత్, రాత్రంతా మా ఆయన గురక వినిపించిందా?" "వినిపించడమేమిటే, దానికి తాళం కూడా వేశాను!" అని మొదలుపెట్టి గంటసేపు నవ్వుకునేవాళ్లు.

పదకొండేళ్ల కిందట మా అమ్మాయి నిశ్చితార్థంలో బుసైనా నగాత్ భుజం తట్టి, "నీకు ఊపిరి ఎక్కణ్ణించి వస్తుందే, ఎంత వాడినా తరగదు!" అంది. మాషాల్లా అనలేదు. మెచ్చుకుని ఆ మాట అనకపోతే దిష్టి తగులుతుందని మాలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. పాపం, ఆ సందడిలో మరిచిపోయింది. ఆ తర్వాతి కూత మధ్యలో తెగిపోయింది. నగాత్ దగ్గుతూ గోడ పట్టుకుంది.

"మాషాల్లా అనలేదు, విన్నావా?" అని ఆమె చెవిలో ఊదింది నేనే. దిష్టి పోవాలని కాగితంతో బొమ్మ కత్తిరించి, "బుసైనా కంట్లో, బుసైనా కంట్లో" అంటూ సూదితో పొడిచి, సాంబ్రాణి నిప్పుల్లో కాల్చిందీ నేనే. పొగ ఎదురింటికి వెళ్లినట్టుంది, కబురూ వెళ్లింది. బుసైనా పరుగున వచ్చి మా తలుపు కొట్టింది. "అల్లా మీద ఒట్టు నగాత్, నా మనసులో ఏమీ లేదే! తలుపు తియ్యవే!" అని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నగాత్ తలుపు తియ్యలేదు. మర్నాటి నుంచి ఎదుటి కిటికీ మూసే ఉంది.

నగాత్ ఆరోగ్యం ఏటికేడు దిగజారింది. మొదట కూత మానేసింది, తర్వాత పెళ్లిళ్లకు రావడమే మానేసింది. కుట్టుకుంటూ తలెత్తి ఆ మూసిన కిటికీ వైపు చూసేది. ఒకసారి అడిగితే, "వెలుతురు కోసం వదినా" అంది. ఆ గోడలోంచి వెలుతురు ఎక్కడ వస్తుంది?

ఈ రంజాన్‌లో రొట్టెలు తెస్తూ మెట్ల మీద నాలుగుసార్లు కూలబడింది. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే దగ్గు. ఇక లాభం లేదని మన్సూరా పట్నంలో గుండె డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

డాక్టరమ్మ గుండెను తెర మీద చూసి, "చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, కీళ్లవాపు వచ్చాయా?" అని అడిగింది.

"తొమ్మిదేళ్లప్పుడు. నెలరోజులు మా అమ్మ నా మోకాళ్లకు నూనె రాసింది," అంది నగాత్.

"ఆ జ్వరం కీళ్లను వదిలి గుండెను పట్టుకుంది. లోపలి కవాటం రెక్కలు మెల్లమెల్లగా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోంది."

"ఛాతీ కోస్తారా అమ్మా?" అని అడిగాను.

"చూసి చెప్తాను. రెక్కలు రాయిలా గట్టిపడినా, కవాటం బాగా కారుతున్నా కోయక తప్పదు. రక్తం గడ్డ ఉంటే ముందు అది కరగాలి. ఇవేవీ లేక మెత్తగా ఉంటే, తొడ దగ్గర నరంలోంచి సన్న గొట్టం పంపి, దాని చివర బుడగ ఉబ్బించి విడదీస్తాం."

గొంతులోంచి ఇంకో గొట్టం వేసి చూశారు. మెత్తగానే ఉంది, గడ్డ లేదు. నేను ఏడుస్తుంటే నగాత్ అడిగింది: "మరి దిష్టి?"

"దాని సంగతి నాకు తెలీదు. ఇది మొదలై మాత్రం ముప్పై అయిదేళ్లు."

నగాత్ నా వైపు తిరిగింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఛాతీ మీద గాటు పడలేదు. తొడ దగ్గర మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చారు, లోపల బుడగ ఉబ్బించారు, గంటన్నరలో బయటికి తెచ్చారు. ఆ రాత్రి వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. అలా పడుకోవడం నేను చూసి ఎన్నేళ్లయిందో. ఏటేటా వచ్చి చూపించుకోమని, మళ్లీ అతుక్కోవచ్చని డాక్టరమ్మ హెచ్చరించింది.

"ఏదీ, ఒక కూత వెయ్యవే," అన్నాను మెల్లగా.

"ముందు బుసైనాని చూడాలి వదినా. ఇంకేమీ వద్దు నాకు."

రెండు వారాలకు ఎదురు మేడ ఎక్కాం. మూడంతస్తులూ ఎక్కడా ఆగకుండా ఎక్కేసింది. వెనక రొప్పింది నేను.

బుసైనా తలుపు తీసింది. జుట్టు సగం నెరిసింది. గుమ్మంలోనే నగాత్ గబగబా అంతా చెప్పేసింది, జ్వరం, కవాటం, బుడగ. "నీ తప్పేం లేదే. డాక్టరమ్మ చెప్పింది."

"బొమ్మను పొడిచింది నేను," అన్నాను.

"తెలుసు," అంది బుసైనా నన్ను చూడకుండానే. నగాత్‌తో అంది: "డాక్టరమ్మ చెప్తే నమ్మావు. నేను ఒట్టేసి చెప్తే నమ్మలేదు."

నగాత్ తల దించుకుంది. వెళ్లిపోదామా అన్నట్టు నేను ఆమె చెయ్యి లాగాను, కదల్లేదు. బుసైనా గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

"కూర్చోండి. టీ పెడతాను."

వంటింట్లో నీళ్లు మరిగిన చప్పుడు. తర్వాత అక్కణ్ణుంచే అడిగింది:

"నగాత్, నీకు చక్కెర ఎన్ని చెంచాలు?"

వాళ్లు కలిసి తాగిన టీలకు లెక్కలేదు. ఆ ప్రశ్న ఎన్నడూ రాలేదు. నగాత్ నోరు తెరిచింది. ఊపిరి నిండుగానే ఉంది, మాట మాత్రం రాలేదు.

"మూడు," అని నేనే చెప్పాను.