ఓడిన జట్టు పాట

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, మా నాయన నన్ను నంబులపూలకుంట నుంచి తెచ్చి ధర్మవరంలో మా అవ్వ దగ్గర వదిలిపెట్టి, కూలిపనికి బెంగళూరు వెళ్ళిపోయాడు. అవ్వ మగ్గాల ఇళ్ళకు పోయి పడుగు అతికేది, అంటే మగ్గం మీద మిగిలిన పాత నిలువు పోగులకు కొత్తవి కలిపేది. పగలంతా నేను అరుగు మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. వీధిలో పిల్లలకు కొదవ లేదు గానీ నన్ను ఆటకు పిలిచేవాళ్ళే లేరు. పిలవని పేరంటానికి పోవడం నాకు చేతకాదు.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు పోటీలు వచ్చాయి. వీధి మొత్తానికి టీవీ ఉన్నది పక్కింట్లోనే. ఎక్కడి దేశమో, ఎర్రచొక్కాల జట్టు ఒకటి ఆ పోటీల కోసమే దేశం తరఫున ఒక పాట కట్టించుకుని వచ్చింది. వాళ్ళ ఆట ఉన్నప్పుడల్లా టీవీలో ముందు ఆ పాట వేసేవారు. పక్కింటి అన్న టేప్‌రికార్డర్‌ను టీవీకి ఆనించి దాన్ని రికార్డు చేశాడు. పాటతోపాటు వంటింట్లోంచి వాళ్ళమ్మ వేసిన కేక కూడా టేపులో పడింది: "ఆ గోల ఆపి నీళ్ళు తేపోరా!"

భాష తెలియని పిల్లలం, వినబడింది వినబడినట్టే నేర్చేసుకున్నాం. కేకను కూడా వదల్లేదు. రెండో చరణంలో ఆ చోటు రాగానే అందరూ కలిసి అరిచేవాళ్ళు. మా అరుగు మీంచి నేనూ అరిచేదాన్ని. అచ్చం అన్న వాళ్ళమ్మ గొంతుతో అరవడం మాత్రం నాకే వచ్చేది. ఆ కేక కోసమే నన్ను పిలవడం మొదలుపెట్టారు.

కొద్దిరోజులకే ఆ జట్టు ఓడి ఇంటిదారి పట్టింది. మర్నాడు ఎవరూ పాడలేదు. "ఓడిపోయినోళ్ళ పాట మనకేల?" అన్నాడు అన్న. సాయంత్రం ఆ టేపు మీద సినిమా పాటలు ఎక్కిస్తానన్నాడు. పాట పోతే ఇక నన్నెవరు పిలుస్తారు? అరుగు మీదికొచ్చి ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు చుట్టూ జనం ఉన్నారని ఏడవలేదు. ఆ ఏడుపు కూడా అప్పుడే వచ్చింది.

ఆ రోజు అవ్వకు పని ఆ పక్కింటి మగ్గం మీదే. సంగతంతా విని, నన్ను వెంటబెట్టుకుని పోయింది. నేసిన చీరను కోసి తీసుకెళ్ళిపోయారు. దాని పోగుల కొసలు మాత్రం మగ్గం మీద వేలాడుతున్నాయి. అవ్వ వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కో పాత కొసకు కొత్త పోగును మెలిపెట్టి అతకసాగింది.

"చీర పోయిందని ఈ కొసలు పీకేస్తారా పాపా? పీకేస్తే కొత్త పడుగు యాడ అతికేది?" అని, అన్నను కేకేసింది. "ఏమప్పా, పొద్దుగూకేదాకా నేను ఈడ కూకోవల్ల. ఆ ఆటోళ్ళ పాట పెట్టు, చెయ్యి ఆడతాది."

నిజానికి ఆ పాటంటే అవ్వకు తలనొప్పి. అయినా మళ్ళీ మళ్ళీ పెట్టించింది. మొదట ఒకడు గుమ్మంలోకి వచ్చాడు. వాడి వెనక తక్కినవాళ్ళూ చేరారు. కేక చోటు రాగానే అవ్వ పని ఆపి నా వైపు చూసింది. నేను అరిచాను. గది గదంతా నవ్వింది. వంటింట్లోంచి వాళ్ళమ్మ కూడా నవ్వింది. అన్న ఆ టేపు చెరపలేదు.

ఇప్పుడు హిందూపురంలో ఉంటున్నాను. మా ఆయన పోయాక ఒంటరిదాన్నే. ఆనాటి పిల్లలు ఎవరు ఎక్కడున్నారో తెలియదు. మొన్న పక్కవాటాలో ఉండే అమ్మాయి ఫోన్‌లో ఏదో ఆట చూపించింది. ఎర్రచొక్కాలవాళ్ళు మైదానం నిండా నిలబడి అదే పాట పాడుతున్నారు. అప్పటికి పుట్టనివాళ్ళు కూడా కళ్ళు మూసుకుని పాడుతున్నారు. ఆ ఏడు కప్పు గెలిచింది ఎవరో నాకిప్పుడు గుర్తు లేదు. ఓడినవాళ్ళ పాట మాత్రం ఇన్నేళ్ళుగా వాళ్ళతోనే ఉంది.

రెండో చరణం వచ్చింది. అన్ని వేల గొంతులు పాడుతున్నా, ఆ చోట నాకు బోసిగా అనిపించింది. కేక లేదు. గొంతు సవరించుకుని నేనే వేశాను: "ఆ గోల ఆపి నీళ్ళు తేపోరా!"

ఆ అమ్మాయి ఉలిక్కిపడి, పకపకా నవ్వి, "ఇంగోసారి అనవ్వా" అంది.

ఎవరూ రాని సాయంత్రాల్లో ఇప్పటికీ ఆ పాట పాడుకుంటాను. ఆ చోటు రాగానే తలుపు వైపు తిరిగి అరుస్తాను. కొస ఒకటి వేలాడుతూ ఉండాలి గదా, ఎవరైనా వచ్చి అతుక్కోవడానికి.