పన్నెండో నంబరు మంచం

మా నగర పెద్దలకు పేదరికం అంటే కంటికి కనబడే వస్తువు. కనబడకపోతే పోయినట్లే. వాళ్ళ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే కాంట్రాక్టు ఉద్యోగిని నేను. ఈ మాట ఊరికే అనడం లేదు, నాలుగేళ్ళు దగ్గరుండి చూశాను.

ఆ ఏడాది ఊళ్ళకు ర్యాంకులిచ్చే బృందం వస్తోందని కబురొచ్చింది. ఇంకేముంది, కౌన్సిల్ హాల్లో ఏసీ వేసుకుని, జీడిపప్పు ప్లేట్లు ముందు పెట్టుకుని పొద్దంతా మీటింగు. పేవ్‌మెంట్ల మీద పడుకునేవాళ్ళను, అడుక్కునేవాళ్ళను ఏం చేయాలన్నది చర్చ. ఒక మహానుభావుడు లేచి, వాళ్ళు పడుకునే చోటల్లా పూలకుండీలు పెడదామన్నాడు. అందరూ బల్లలు చరిచారు. నా చేతులు టైపు చేస్తున్నాయి కాబట్టి నేను చరవలేదు. నాదాకా జీడిపప్పూ రాలేదు లెండి.

కుండీలు వచ్చాయి. నిరాశ్రయుల వసతి గృహానికి కొత్త రంగు వేశారు, ఇరవై మంచాలు తెచ్చారు. పొద్దున్నే ఒక బండి బయలుదేరి రోడ్ల మీద దొరికినవాళ్ళను ఎక్కించుకునేది. వాళ్ళ ఆధార్ నంబర్లు నాకు పంపేవారు. నేను ఒక్కొక్కరికి ఒక మంచం నంబరు ఇచ్చి కంప్యూటర్లో ఎక్కించేదాన్ని. బండి మాత్రం వసతి గృహానికి వెళ్ళేది కాదు. హైవే మీద వెంకటాచలం దాటి, మనుబోలు దగ్గర వాళ్ళను దించేసి వచ్చేది. ఇదేమిటని అడిగితే మా ఆఫీసరు గారు, బృందం వచ్చేలోపు కొత్త దుప్పట్లు మాపేస్తారు గదమ్మా అన్నారు. తమాషాకు కాదు, నిజంగానే అన్నారు.

ఒకరోజు ఒక ముసలామె నా కౌంటరు దగ్గరికి వచ్చింది.

"అమ్మణ్ణీ, మా ఆయన్ని బండెక్కించుకోని పోయినారంట. నేను టీ తెచ్చేదానికి పోయి వచ్చేసరికి లేడు. ఆయనకి కళ్ళు కనబడవు. యాడ పెట్టినారో చెప్పు."

వాళ్ళది మైపాడు. అక్కడ సముద్రం ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసినవాళ్ళకల్లా దోసెడు చేపలు పెడతారు. చూపు పోయాక కూడా ఆయన కొన్నాళ్ళు తాడు పట్టాడట. తర్వాత నడుము పట్టేసింది. తాడు పట్టకుండా చెయ్యి చాపడం ఆ ఊళ్ళో సిగ్గు. అందుకని పట్నం వచ్చి చాపారు.

కంప్యూటర్లో చూశాను. పన్నెండో నంబరు మంచం. ఆయన అక్కడ లేడని నాకు తెలుసు. తెలిసి కూడా తెర మీద ఉన్నది చదివి, వసతి గృహానికి పొమ్మన్నాను. గంటలో తిరిగి వచ్చింది.

"ఆ మంచానికి ప్లాస్టిక్ కవరు గూడా తీయలేదు గదా అమ్మణ్ణీ," అంది.

ఆ మాటకు నా తల తీసేసినట్లయింది. మధ్యాహ్నం సెలవు పెట్టి ఆమెను వెంటబెట్టుకుని మనుబోలు బస్సెక్కాను.

మేం దిగేసరికి అక్కడ ఒక వ్యాను ఆగి ఉంది. మాది కాదు. దక్షిణం వైపు ఇంకో ఊరి పెద్దలది. వాళ్ళ ఊరి బిచ్చగాళ్ళను వాళ్ళు అక్కడే దించుతున్నారు! రెండు ఊళ్ళూ తమ పేదరికాన్ని తెచ్చి ఒకే చోట పారబోసి, చేతులు దులుపుకుని పోతున్నాయి. దీన్ని పరిపాలన అంటారు, దీనికి ర్యాంకులు ఇస్తారు.

ముసలాయన రోడ్డు వారన, దించిన చోటే కూర్చుని ఉన్నాడు. టీకి పోతూ ఆమె, నేనొచ్చిందాకా ఈడనించి కదలబాక అని చెప్పిందట. ఆమె గొంతు వినగానే, "నేను కదల్లేదు మే. వాళ్ళే కదిలించినారు," అన్నాడు. ఆమె ఆయన వీపు మీద రెండు దెబ్బలు వేసి, భోరున ఏడ్చింది.

ఆయన ఒళ్ళు కాలిపోతోంది. సముద్రంలో వాయుగుండం అని పొద్దుటినుంచీ చెబుతున్నారు. "ఈ వానలు పొయ్యేదాకా ఆయనకొక చూరు చూపించు అమ్మణ్ణీ. నేను యాడన్నా ఉంటా," అంది తిరుగు బస్సులో. వాళ్ళను తిన్నగా ఆఫీసరు గారి ముందుకే తీసుకెళ్ళాను.

ఆయన కంప్యూటర్ చూసి, "ఈయన ఆల్రెడీ లోపల ఉన్నాడు గదా. ఒక మనిషికి రెండు మంచాలు ఎట్లా ఇస్తాం?" అన్నారు.

"సార్, మనిషి ఇక్కడే ఉండాడు. పాత ఎంట్రీ తీసి మళ్ళీ ఎక్కిస్తే అయిపోద్ది."

"మళ్ళీ ఎక్కిస్తే నిజంగానే పోయి పడుకుంటాడు. ఎల్లుండి బృందం వస్తా ఉంటే జ్వరం మనిషిని తెచ్చి కొత్త మంచం మీద పడేస్తావా? నీకేమన్నా మతి పోయిందా?"

ఆ మొహం మీద ఉమ్మేయాలనిపించింది. కానీ నా కాంట్రాక్టు కాగితం ఏడాదికోసారి ఆ చేతులమీదుగానే పోవాలి.

ముసలాయనకు చెవుడు కూడా కొంచెం ఉన్నట్లుంది. "ఏమంటా ఉండాడు మే?" అని భార్యను అడిగాడు.

"నువ్వు లోపల పండుకోనుండావంట."

ఆయన తడుముకుని ఆమె భుజం పట్టుకున్నాడు. "సరేలే, పండుకోనీ. మనం పోదాం పద," అన్నాడు.

ఆ రాత్రే వాన పట్టుకుంది. తెల్లారి నేను ఆటోలో ఆఫీసుకు వస్తుంటే, బస్టాండు దగ్గర మూసిన షాపు మెట్ల మీద, రెండు పూలకుండీల మధ్య ఇద్దరూ ముడుచుకుని కూర్చుని కనబడ్డారు. ఆమె తన కొంగు ఆయన తలమీద కప్పింది. ఆటో ఆపమని నేను అనలేదు. ఆఫీసులో తల తుడుచుకుని, కంప్యూటర్ తెరిచి, పన్నెండో నంబరు మంచం ఎదురుగా హాజరు అని నొక్కాను.