డబ్బాలో మిగిలిన పిరానా

బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్లే బస్సులో నా పక్కనాయన కాళ్ల మధ్య ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో తోక సగం తెగిన పిరానా చేప. ఇలాంటివి కొన్ని ఇంట్లో పెంచుకున్నాడట. పస్తు పెడితే కసిగా కొట్లాడతాయని, దోస్తులకు ఆ తమాషా చూపించబోయాడు. అవి ఒకదాన్నొకటి పీక్కుతిన్నాయి. మిగిలిన ఈ ఒక్కదాన్ని కొన్న దుకాణంలోనే ఇచ్చేయడానికి తీసుకుపోతున్నాడు.

"పిరానా పిరికిది. గుంపుగా తిరిగేది కూడా భయంతోనే," అన్నాను.

"గది నాకెర్కలేకపాయె అన్నా."

ఎడపల్లి దాటాక చెరకు ట్రాక్టర్ అడ్డొచ్చి డ్రైవర్ గట్టిగా బ్రేకు వేశాడు. డబ్బా బోర్లాపడింది. చేప దవడలు టకటకలాడిస్తూ నేల మీద ఎగిరింది.

"గిదేం సేపరా, కుక్కలెక్క కరుస్తది! తొక్కి సంపుండ్రి!" అని వెనకనుంచి ఒకామె అరిచింది. కండక్టర్ కాలెత్తాడు.

నా పక్కనాయన వట్టి చేత్తో దాన్ని పట్టుకున్నాడు. అది వేలు కొరికింది. రక్తం కారింది.

"దాన్నేమనకుండ్రి. పస్తు వెట్టింది నేను," అంటూ డబ్బాలో వేశాడు.

నా సీసాలోని నీళ్లన్నీ పోశాను. అయినా మొప్పలు మునగలేదు. ఆయన పిడికిలి బిగించి డబ్బాలోకి దించాడు. నీళ్లు పైకి లేచి మొప్పలు మునిగాయి. చేప మళ్లీ కొరికింది.

నిజామాబాద్ బస్టాండ్ వచ్చేదాకా ఆయన చెయ్యి తీయలేదు.